చర్మకారుడి నిండు కుండ

(ధాన్యకటకం, కృష్ణానది గురించి పల్లె కార్యకర్తల తరగతిలో చెప్పిన మాటల పాఠం)

 

ఈ పూట మేము మాట్లాడబోయేది ఒక పాత నగరం గురించి, దాని పక్కన పారే నది గురించి. కూలిరేట్ల సంగతి, బంజరు పట్టాల సంగతి వదిలిపెట్టి ఈ రాళ్ళ కథ, ఏళ్ళ కథ ఏందని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ అడగడం న్యాయమే. అయితే మేమూ కొన్ని అడుగుతాం, చెప్పండి. మన పల్లె ఊరికి ఏ దిక్కున ఉంది? మెరకలో ఉందా, పల్లంలో ఉందా? మంచినీళ్ళ చెరువు ఎవరి ఇళ్ళ పక్కన ఉంది? మనిషి చచ్చిపోతే శవాన్ని ఎవరి చేను గట్టు మీద నుంచి మోసుకుపోవాలి? ఇవన్నీ భూగోళం ప్రశ్నలే. బళ్ళో భూగోళం అంటే పటం ముందు నిలబడి ఏళ్ళ పేర్లు అప్పజెప్పడం. మన ఆడవాళ్ళకు అది తెల్లారుజామున బిందె చంకన పెట్టుకున్న దగ్గర్నుంచే మొదలవుద్ది. అందుకని మన కృష్ణ ఒడ్డునే ఉన్న ఒక నగరాన్ని తీసుకుని, నీళ్ళు ఎటు పోయినయ్, సొమ్ము ఎటు పోయింది, మనుషుల్ని ఎక్కడ ఉంచారు అనేది చూద్దాం.

ఆ నగరం పేరు ధాన్యకటకం. గుంటూరుకు ఉత్తరాన 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కృష్ణ కుడి ఒడ్డున ఉంది. ఇప్పుడు ధరణికోట అనే ఊరు, దానికి ఆనుకుని ఉన్న అమరావతి, రెండూ కలిపితే ఆ పాత నగరం చోటు. ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. రాజధాని అని రోజూ పేపర్లో వచ్చే అమరావతి ఇది కాదు. అది నదికి దిగువన, ఉద్దండరాయునిపాలెం, తుళ్ళూరు, మందడం వైపు ఉంది. 2015 అక్టోబరు 22న దానికి శంకుస్థాపన చేశారు. ఈ పాత ఊరి పేరు తీసుకుపోయి దానికి పెట్టారు. 2022లో జిల్లాలు విడగొట్టాక పాత అమరావతి పల్నాడు జిల్లాలోకి పోయింది, రాజధాని గుంటూరు జిల్లాలో మిగిలింది. పేరొక జిల్లాలో, పేరు తెచ్చిన ఊరొక జిల్లాలో.

నది దారి

కృష్ణ మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పడమటి కనుమల్లో పుడుతుంది. సముద్రంలో పడేలోపు దాదాపు 1,400 కిలోమీటర్లు నడుస్తుంది. దారిలో భీమ కలుస్తుంది, తుంగభద్ర కలుస్తుంది. ఆ తర్వాత నది నల్లమల కొండల మధ్య ఇరుకు లోయలో పడుతుంది. శ్రీశైలం డ్యాము, నాగార్జునసాగర్ డ్యాము ఆ కొండల సందుల్లో కట్టినవే. సాగర్ దిగువన వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కలుస్తుంది. పులిచింతల దాటాక కొండలు వెనక్కి తగ్గుతాయి, నేల విప్పారుతుంది, నది వెడల్పవుతుంది. అట్లా కొండల పట్టు నుంచి బయటపడి మైదానంలోకి వచ్చేచోట ధాన్యకటకం పుట్టింది.

అక్కడే ఎందుకు పుట్టింది? ఎగువన పల్నాడు ఉంది. అక్కడ నాపరాయి, సున్నపురాయి దొరుకుతుంది. అమరావతి స్తూపానికి చెక్కిన ఆకుపచ్చ ఛాయ తెల్లరాయి పల్నాటి రాయే. దిగువన డెల్టా ఉంది, ఏటా వరద తెచ్చిపోసే ఒండ్రు ఉంది, వరి ఉంది. నగరం పేరులోనే ధాన్యం ఉంది చూడండి. ఇక అవతలి ఒడ్డు నుంచి రెండు ఏళ్ళు వచ్చి కృష్ణలో కలుస్తాయి. ఎగువన పాలేరు, అమరావతి దాపుల్లో మునేరు. రెండూ వరంగల్లు, ఖమ్మం వైపు నుంచి దిగి వచ్చేవే. ఏటి లోయ అంటే పాతకాలంలో బండ్ల బాట కూడా. తెలంగాణ లోపలి సరుకు ఆ లోయల వెంట కృష్ణ దాకా వస్తుంది. పాలేటి ఒడ్డున జగ్గయ్యపేటలో ధనంబోడు అనే దిబ్బ మీద పాత బౌద్ధ స్తూపం ఉంది. మనుషులు నడిచిన బాటల వెంటే స్తూపాలు లేచాయని దాన్ని చూస్తే తెలుస్తుంది.

దిగువకు పోతే నది పాయలుగా చీలి సముద్రంలో పడుతుంది. ఆ డెల్టాలో ఘంటసాల ఉంది. పాత శాసనాల్లో దాని పేరు కంటకసేల. ఈజిప్టులో కూర్చుని భూగోళం రాసిన టాలెమీకి కూడా ఆ రేవు పేరు తెలుసు. ఇంకో పక్క భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపంలో 1892లో రాతి భరిణెలు బయటపడ్డాయి, వాటి మీద మన నేలలో దొరికిన పాత రాతల్లో లెక్కకొచ్చే రాతలున్నాయి. ఈ తీరం నుంచి సన్న నూలుగుడ్డలు దేశాలు దాటిపోయేవని గ్రీకు నావికుల పుస్తకం చెబుతుంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద ఓడ బొమ్మ ఉంది.

ధరణికోటలో 1962 నుంచి 1964 దాకా పురావస్తుశాఖ వాళ్ళు తవ్వారు. అక్కడ నది నుంచి కోట లోపలికి తవ్విన పడవల కాలువ, దాని ఒడ్డున సరుకు దించుకునే రేవుకట్ట బయటపడ్డాయి. పడవ నది మీద నుంచి కాలువలోకి మళ్ళి, నేరుగా నగరం గుమ్మంలో ఆగేదన్నమాట. ఆ కాలువ ఎవరు తవ్వారు? రాజు గడ్డపార పట్టలేదు. శాసనాల్లో రాజు పేరు ఉంటది, కాలువలో కూలోడి చెమట ఉంటది. ఇది మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

పలక మీద మన పేరు

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాం.

ఈ నగరానికి పక్కనే మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం ఉండేది. అడ్డుకొలత దాదాపు 50 మీటర్లు. దీని దిబ్బను జనం దీపాలదిన్నె అని పిలిచేవారు. దీన్ని ఒక రాజు ఒక్కసారిగా కట్టించలేదు. వందల ఏళ్ళ పాటు జనం తలా ఒక రాయి, తలా ఒక పలక ఇచ్చి పెంచుకున్నారు. ఎవరిచ్చారో ఆ రాయి మీదే ప్రాకృతంలో చెక్కించుకున్నారు. ప్రాకృతమంటే జనం భాష, పూజారి భాష కాదు. ఆ రాతల్లో వర్తకులున్నారు, సుగంధాలమ్మేవాళ్ళున్నారు, గృహస్థులున్నారు, భిక్షువులు, భిక్షుణులున్నారు. ఆడవాళ్ళ పేర్లు ఎన్నో ఉన్నాయి. తల్లులు, కూతుళ్ళు, కోడళ్ళు తమ పేరున తాము దానం చేశారు.

అందులో ఒక పలక ఉంది. దాన్నిచ్చినవాడు విధికుడు. అతని వృత్తి ఏమిటో శాసనం దాచలేదు. చర్మకారుడు అని రాసి ఉంది. తోలు పని చేసేవాడు. తండ్రి పేరు నాగుడు, ఆ నాగుడికి ఉపాధ్యాయుడు అనే మాట కలిపి రాశారు. విధికుడు తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఈ పలక ఇస్తున్నానని చెక్కించుకున్నాడు. ఇది జరిగి దాదాపు 1,800 ఏళ్ళయింది.

ఆ పలక మీద ఏం బొమ్మ ఉందో తెలుసా? పూర్ణఘటం. నిండు కుండ. నీళ్ళు నిండి, తామరపూలు పొంగే కుండ.

అయ్యలారా, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తోలు పని చేసేవాడు నీళ్ళ కుండ ఇచ్చాడు. దాన్ని నగరంలోకెల్లా పవిత్రమైన చోట, అందరూ చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకునే చోట పెట్టారు. ఎవరూ ఆ కుండ మైలపడిందనలేదు.

తోలుకీ నీళ్ళకీ ఉన్న సంబంధం మన ముసలివాళ్ళకు తెలుసు. పచ్చితోలు ముందు సున్నంలో నానాలి, తర్వాత లందలో తంగేడు చెక్క నీళ్ళలో ఊరాలి. నీళ్ళు లేనిదే తోలు లేదు. తోలు లేనిదే పొలానికి నీళ్ళు కూడా లేవు. కరెంటు మోటార్లు రాకముందు మోటబావి మీద నీళ్ళు తోడింది ఏంది? తోలు బాన. ఆ బాన కుట్టింది ఎవరు? మాదిగ. ఏరు దాటించిన పుట్టికి ఒకప్పుడు వెదురు బుట్ట చుట్టూ కప్పింది కూడా తోలే. ఎన్నో ఊళ్ళలో చెరువు తూము ఎత్తి చేలకు నీళ్ళు పంచిన నీరటికాడు మాల. ఊరి నీళ్ళను కదిలించిన చేతులు ఇవి. ఆ చేతులు తాకితే నీళ్ళు మైలపడతాయన్నారు! ఆ బాన తోడిన నీళ్ళతో పండిన బియ్యం మాత్రం ఎవరికీ మైల కాలేదు.

ఇక్కడ మేము ఒక జాగ్రత్త చెబుతాం. ఈ ఒక్క పలక చూపించి ధాన్యకటకంలో కులమే లేదు, అందరూ సమానమే అని ఉపన్యాసాలు కొట్టొద్దు. ఒక రాయి అంత బరువు మోయదు. రేపు ఎవడో ఒకడు ఎదురు ప్రశ్న వేస్తే నోరు మూతపడుద్ది. పలక చెప్పినంతే చెబుదాం. తోలు పని చేసే ఒక మనిషి తన వృత్తిని సిగ్గు లేకుండా చెప్పుకున్నాడు. అతని తండ్రి పేరు పక్కన చదువు చెప్పేవాడనే మాట ఉంది. ఆ కుటుంబం చేతిలో దానం చేసేంత సొమ్ము ఉంది. స్తూపం దగ్గర అతనికి చోటు ఉంది. ఇంతవరకు ఎవరూ కాదనలేరు. అంటరానితనం అనాదిగా ఉంది, దేవుడు పెట్టాడు, మార్చలేం అనేవాడికి ఇంతే చాలు.

నగరం ఎట్టా మాసింది

కాలం మారింది. పడవల కాలువను నది తన పూడికతోనే మూసేసింది. రోము దేశంతో వ్యాపారం తగ్గింది. సుమారు 639లో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ వచ్చేనాటికి ఈ ప్రాంతంలో చాలా విహారాలు పాడుబడి ఉన్నాయి, ఇరవై దాకా మాత్రం నడుస్తున్నాయి. అయినా ఒక్కసారిగా ఆరిపోలేదు. 1182లో కోట కేతరాజు ఇక్కడి బుద్ధుడికి దీపాలు పెట్టించి ఊళ్ళు ఇచ్చినట్టు శాసనం ఉంది. 1344 నాటి సింహళ శాసనం ఒకటి, ఆ దేశపు భిక్షువు ధర్మకీర్తి ఇక్కడి విహారాన్ని బాగు చేయించాడని చెబుతుంది. తర్వాత దిబ్బ మీద మట్టి పేరుకుంది.

1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అవతలి ఒడ్డున ఉన్న చింతపల్లి నుంచి మకాం మార్చి ఇక్కడ కొత్త ఊరు కట్టాడు. ఇళ్ళకీ కట్టడాలకీ రాయి కావాలి, దిబ్బలో నిధి ఉంటుందనే ఆశ కూడా ఉంది. దీపాలదిన్నెను తవ్వించారు. చెక్కిన పలకలు పగిలాయి, మెట్లయ్యాయి, గోడల్లోకి పోయాయి. ఈ జమీందారే చెంచుల్ని అన్నానికి పిలిచి తలలు నరికించాడని, ఆ చోటే నరుకుళ్ళపాడయిందని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మెకంజీ అనే ఇంగ్లీషు దొర 1798లో వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఇలియట్ దొర 1845లో తవ్వి పలకలు మద్రాసుకు పంపాడు. వాటిలో చాలా వాటిని 1859లో ఓడెక్కించి లండనుకు తీసుకుపోయారు. ఇప్పుడు మన నేల రాళ్ళు కొన్ని లండను బ్రిటిషు మ్యూజియంలో, కొన్ని చెన్నై మ్యూజియంలో, మిగిలినవి అమరావతి మ్యూజియంలో ఉన్నాయి. అసలు చోట మిగిలింది గుండ్రటి ఇటుక కట్టు.

నీళ్ళు ఎవరివి

నది మాత్రం ఎక్కడికీ పోలేదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957లో ఆ చోటే ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెల్టా అంతా కాల్వలు పారినయ్, రెండు పంటలు పండినయ్, భూమి బంగారమయ్యింది. ఆ కాల్వలు తవ్విన మట్టి తట్టలు మోసింది మనవాళ్ళే. భూమి మాత్రం మన పేరున లేదు. కాల్వ నీళ్ళతో పెరిగిన సొమ్ము రైసు మిల్లులయింది, సినిమా హాళ్ళయింది, కాంట్రాక్టులయింది, ఎమ్మెల్యే సీట్లయింది. అదే సొమ్ము మన మీద కర్ర కూడా అయింది.

1985 జులైలో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగపల్లె తాగే చెరువు దగ్గర. గేదెల కుడితి ఆ నీళ్ళలో కలుపుతుంటే మేము తాగే నీళ్ళయ్యా అని అడిగినందుకు. జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి కాల్వలో పడేశారు. అది కృష్ణ నీళ్ళతో బతికే డెల్టాయే. ఆ కేసులో కింది కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. విధికుడు నిండు కుండ ఇచ్చిన నది ఇదే. ఆ నది దిగువనే అతని వృత్తి చేసినవాళ్ళ పిల్లలు బిందెడు నీళ్ళు శుభ్రంగా ఉండాలన్నందుకు చచ్చిపోయారు. మధ్యలో 1,800 ఏళ్ళు గడిచాయి. ఎవరు ముందుకు నడిచారు, ఎవరు వెనక్కి నడిచారు, మీరే చెప్పండి.

ఇక వరద సంగతి. పాతవాళ్ళు నగరాన్ని ఒడ్డున మెరక మీద కట్టుకుని చుట్టూ మట్టికోట పోసుకున్నారు. ఈ కాలంలో మెరక ఊరికి, పల్లం మనకు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి ఆ లెక్కను కూడా దాటింది. లంకలు మునిగినయ్. అదే వారం విజయవాడలో సింగ్ నగర్ వైపు పేదల పేటల్ని ముంచింది కృష్ణ కాదు, కొల్లేటికి పోయే బుడమేరు. చిన్న ఏరని దాని దారి మూసినవాడు ఒకడు, మునిగినవాడు ఇంకొకడు. రాజధాని వైపు చూస్తే కొండవీటి వాగు ఉంది. కృష్ణ పోటు మీద ఉంటే ఆ వాగు నీళ్ళు నదిలోకి పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. ఆ నీళ్ళు తోడి నదిలో పోయడానికి 2018లో ఎత్తిపోతల పథకం పెట్టారు. రాజధానికైతే మోటార్లు బిగిస్తారు. మన పల్లెలో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే పొట్లాలు విసురుతారు.

రాజధాని భూముల్లో అసైన్డు భూములున్నాయి, లంక భూములున్నాయి. వాటిని దున్నుకున్నవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. పట్టా రైతుకు ఒక లెక్క, అసైన్డు రైతుకు ఒక లెక్క అంటే కోర్టుల దాకా, రోడ్ల దాకా పోవాల్సి వచ్చింది. బుద్ధుడి నగరం పేరు పెట్టుకున్న చోట కూడా మన సెంటు భూమికి విలువ తగ్గిందంటే పేరు ఒక్కటే తీసుకున్నారని అర్థం.

ఇంకో సంగతి వినండి. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త రాజముద్ర ప్రకటించింది. అమరావతి శిల్పాల నుంచి తీసుకున్న ధర్మచక్రం, దాని నడుమ పూర్ణఘటం. ఆ ఘటానికి మూలం ఎవరిదనుకున్నారు? చర్మకారుడు విధికుడి కుటుంబం మహాచైత్యానికి ఇచ్చిన నిండు కుండే. మన పట్టా కాగితం మీద, మన రేషను కార్డు మీద, కలెక్టరు ఉత్తర్వు మీద ఉన్నది తోలు పని చేసేవాడు ఇచ్చిన కుండ. తహసీల్దారు ఆఫీసులో మనల్ని గుమ్మం బయట నిలబెట్టే అధికారి బల్ల మీది ప్రతి కాగితంలో విధికుడు లోపలే కూర్చుని ఉన్నాడు. ఈ మాట మన పిల్లలకు చెప్పాలి. పౌరుషం కోసం చెప్పాలి, పనికోసం కూడా చెప్పాలి.

పని ఏమిటంటే, మీ పల్లెకు పోయాక ఒక పటం గీయండి. చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టండి, ముసలివాళ్ళని పక్కన పెట్టుకోండి. ఊరి చెరువు, బావులు, బోర్లు, కాల్వ, మురుగుబోదె, వాగు గీయండి. ఊరు ఎక్కడ, పల్లె ఎక్కడ, మెరక ఎటు, పల్లం ఎటు గుర్తు పెట్టండి. వాన నీళ్ళు ఏ దారిన పోయేవి, ఆ దారిని ఎవరు పూడ్చారు, చెరువు శిఖం ఎవరి గుప్పిట్లో ఉంది రాయండి. స్మశానం దారి రాయండి. లంద ఎక్కడుండేది, తూము ఎత్తిన నీరటికాడి మాన్యం ఏమయింది, అడిగి రాయండి. ఈ పటం చేతిలో ఉంటే గ్రామసభలో మన మాటకు కాళ్ళొస్తాయి. నీళ్ళ ట్యాంకు ఎక్కడ కట్టాలి, ఇళ్ళ స్థలాలు మెరకలో ఎక్కడ ఇవ్వాలి అని వేలు పెట్టి చూపించి అడగొచ్చు. పల్లంలో పట్టాలిస్తామంటే మేము తీసుకోం అని చెప్పొచ్చు.

వీలు చూసుకుని బడి పిల్లల్ని ధరణికోట, అమరావతి తీసుకుపోండి. గుంటూరు నుంచి బస్సులున్నాయి. మట్టికోట గట్టు చూపించండి, స్తూపం చోటు చూపించండి, మ్యూజియంలో పూర్ణఘటం పలకల ముందు నిలబెట్టండి. తర్వాత నది ఒడ్డుకు తీసుకుపోయి, చర్మకారుడు విధికుడు, అతని తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు అని పైకి చెప్పించండి. చెప్పాక ఆ పిల్లల చేతే రేవులో నీళ్ళు ముంచి తాగించండి. వద్దని అడ్డొచ్చేవాడికి రాజముద్ర చూపించండి.

జై భీమ్!